సత్యం పతనం: స్వయంచాలిత వర్తక వ్యూహాల పరీక్షకు ఒక చారిత్రక నిదర్శనం

కంప్యూటరు తనంతట తాను షేర్ల క్రయవిక్రయాలు జరిపే వ్యూహాన్ని గతకాలపు ధరలపై ప్రయోగించి ఫలితాన్ని అంచనా వేయడమే బ్యాక్‌టెస్టింగ్. ఇది స్వభావరీత్యా చరిత్ర రచనే. కనుక ఆధారాల విమర్శ దీనికీ తప్పదు. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతం ఇందుకు నిదర్శనం.

సంస్థ ఛైర్మన్ బి. రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖలో, 5,040 కోట్ల రూపాయల మేర లేని నగదు, బ్యాంకు నిల్వలను ఖాతాల్లో చూపినట్లు అంగీకరించారు. ఆ ఒక్కరోజే షేరు ధర సుమారు 78 శాతం పడిపోయింది. అదే నెలలో సెన్సెక్స్, నిఫ్టీ సూచీలనుండి సత్యాన్ని తొలగించారు. 2013లో అది టెక్ మహీంద్రాలో విలీనమైంది.

నేటి నిఫ్టీ జాబితాతో 2008 నుండి వ్యూహాన్ని పరీక్షిస్తే ఈ నష్టం లెక్కలోకే రాదు. నిలిచిన సంస్థల చరిత్రే సమస్త చరిత్రగా కనబడి, లాభం అధికంగా తేలుతుంది. నాటి జాబితాను వాడినా మరొక చిక్కు ఉంది. ఖాతాలు అబద్ధమని తరువాత తెలిసిన సంగతిని 2008 నాటి నిర్ణయంలో చొప్పించడం కాలవిపర్యాసం. నాడు ప్రకటించిన లెక్కలనే, అవి కల్పితమైనా, వ్యూహానికి అందించాలి. ధర కుప్పకూలిన రోజున కూడా ముందుగా నిర్ణయించిన స్టాప్‌లాస్ ధరకే అమ్మకం జరిగిందనుకోవడం మూడవ దోషం.

అయితే, ఆ ఒక్క రోజును తప్పించుకొనేలా నియమాలను సవరించుకుంటే అది పరీక్ష అనిపించుకోదు. నియమాలు రూపొందించిన కాలాన్నీ, వాటిని పరీక్షించే కాలాన్నీ వేరుగా ఉంచినప్పుడే ఫలితానికి ప్రామాణికత.