శిశుజ్వరము - లంఖణము

"లంఖణము పరమౌషధము" అను సామెత నెరుగని తెలుగిల్లు లేదు. పెద్దల విషయమున దీని మంచిచెడ్డలను వైద్యులు నిర్ణయింతురు గాక. పాలు త్రాగు పసిబిడ్డకు మేను కాగినపుడు గూడ నీమాటనే ప్రమాణముగా గొని, పాలు మాన్పించుట, తలుపులు మూసి కంబళి కప్పుట యనునవి యనేక గృహములలో నాచారములైనవి. ఈ యాచారమున కాధారమేమో చరిత్రదృష్టితో నొకింత విచారింప దలచితిమి.

ఆయుర్వేదము నెనిమిది యంగములలో కౌమారభృత్యము శిశువుల పోషణకును చికిత్సకును ప్రత్యేకింపబడినది. క్రొత్తగా వచ్చిన జ్వరమునకు మొదట లంఖణమని మన ప్రాచీనాచార్యులు చెప్పిన మాట నిజమే. కాని బాలురకు, వృద్ధులకు, గర్భిణులకు, దుర్బలులకు లంఖణము కూడదని యా శాస్త్రమే మినహాయించినది. సుశ్రుతసంహిత శిశువులను పాలు మాత్రమే త్రాగువారు, పాలును అన్నమును గొనువారు, అన్నము మాత్రమే తినువారు అని మూడు తెగలుగా విభజించి, పాలు త్రాగు బిడ్డకు వ్యాధి వచ్చినపుడు పాలిచ్చు స్త్రీకి గూడ నౌషధ మీయవలెనని చెప్పుచున్నది. పాలే మాన్పించినచో నీ చికిత్స యెట్లు పొసగును? సూత్రము వాడుకలో నిలిచినది. మినహాయింపు గ్రంథములలో నుండిపోయినది. ఆ గ్రంథములు సంస్కృతమున నుండుటచేతను, స్త్రీలకు చదువు లేకుండుటచేతను, బిడ్డ నెత్తుకొన్నవారికే యా మినహాయింపు తెలియకపోయెను.

ఈ పొరపాటు మన దేశమునకే పరిమితము కాదు. ఐరోపాఖండమున గూడ 19వ శతాబ్ది పూర్వార్ధమున జ్వరరోగిని పస్తుంచుటయు, జలగలు పట్టించి నెత్తురు తీయుటయు వైద్యములో భాగములై యుండెను. డబ్లిను నగరపు వైద్యుడు రాబర్టు గ్రేవ్సు (1796-1853) దీర్ఘజ్వరములలో పస్తులచేతనే రోగులు క్షీణించుట గమనించి వారి కాహార మిప్పించెను. జ్వరరోగులకు తిండి పెట్టినవాడని తన సమాధిపై వ్రాసిన జాలునని యాయన శిష్యులతో ననెనందురు.

ఇక జ్వరమును కొలుచుట. నుదుట చేయి వేసి చూచుటయే చిరకాలము పద్ధతిగా నుండెను. 1868లో లైప్జిగు నగరమున వండర్లిషు అను వైద్యుడు వేలకొలది రోగుల శరీరోష్ణమును కొలిచి యొక గ్రంథము ప్రకటించెను. 98.6 డిగ్రీలు సహజోష్ణమను లెక్కయు, జ్వరము స్వయముగా వ్యాధి గాక వ్యాధికి గుర్తు మాత్రమే యను సిద్ధాంతమును దానివలన స్థిరపడినవి. ఆనాటి థర్మామీటరు పొడవైనది. దానిని చాలసేపు చంకలో నుంచవలసి వచ్చెడిది. అదే కాలమున ఇంగ్లండులో క్లిఫర్డ్ ఆల్బట్టు అయిదు నిమిషములలో వేడిని తెలుపు ఆరంగుళముల థర్మామీటరును చేయించెను. ఆసుపత్రిలోని సాధన మింటికి వచ్చుటకు త్రోవ యేర్పడెను.

జ్వరము గుర్తు మాత్రమేయైనచో దాని వెనుక కారణము వెదకవలెను గదా! 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అట్టి కారణముల నెరుగనిచోట దృష్టిదోషమనియు బాలగ్రహమనియు తలచి, పసిబిడ్డల పొట్టపై వాతలు పెట్టిన సంగతి మన పల్లెలలో నెరుగనివారు లేరు.

క్రొత్తది యెల్ల మేలేయని మా యభిప్రాయము కాదు. 1899లో అంగడికి వచ్చిన ఆస్పిరినును పిల్లలకు గూడ నిచ్చుచుండిరి. 1963లో ఆస్ట్రేలియా వైద్యుడు రై వర్ణించిన, మెదడును కాలేయమును చెరచు వ్యాధికిని దీనికిని సంబంధము కనబడుటచే, 1986లో బ్రిటనులో పన్నెండేండ్ల లోపు పిల్లలకు దీని నీయరాదని నిర్ణయించిరి. పెద్దల మాత్రను విరిచి బిడ్డకు వేయు గృహస్థులు దీనిని గుర్తుంచుకొనవలెను. బిడ్డకు పారసిటమాలు ఇచ్చుటయైనను బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదులోనే కావలెను.

నేటి శాస్త్రము చెప్పునది సులభమైనదే. తల్లిపాలను మానక మాటిమాటికి పట్టవలెను, పలుచని బట్ట వేయవలెను, గదిలో గాలి యాడనీయవలెను, చన్నీట ముంచరాదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు నీరు, గంజి గూడ నీయవచ్చును. మూడు నెలల లోపు శిశువునకు 100.4 డిగ్రీలు గాని యంతకు మించి గాని యున్నచో, బిడ్డ హుషారుగా గనబడినను, జాగు చేయక వైద్యునికి చూపవలెను. పెద్ద బిడ్డయైనను పాలు త్రాగకున్నను, మగతగా నున్నను, ఫిట్సు వచ్చినను, డొక్క లెగురవేయుచున్నను, మూత్రము తగ్గినను అట్లే చేయవలెను.

ఈ గుర్తులను మొదట చూచునది తల్లి. కాని రాత్రివేళ ఆసుపత్రికి పోవలెనన్న అత్తమామల యనుమతియు భర్త యనుమతియు వేడవలసిన కోడండ్రు నేటికిని గలరు. తెల్లవారనిమ్మని యూరకుండిన గడియలలో చేజారిన శిశువు లెందరో! ఇంట నొక థర్మామీటరుండుట యవసరము. దానిని చూచి కోడలు చెప్పిన మాటను విని వెంటనే బయలుదేరు పెద్దలుండుట మరింత యవసరమని మా విన్నపము.