జెండా ఎవరి చేతిలో ఉంది?

మాదాపూర్ సైబర్ టవర్స్ కూడలిలో ఎర్రదీపం వెలిగినప్పుడు ఆగిన వాహనాల నంబరు ప్లేట్లను గమనించండి. పాతవాటి మీద ఏపీ, తర్వాతివాటి మీద టీఎస్, కొత్తవాటి మీద టీజీ కనిపిస్తాయి. 2009 తర్వాతి ఉద్యమకాలంలో ఏపీని చెరిపి టీజీ అని రాసుకోవటం ధిక్కారం. 2014లో ఏర్పడిన రాష్ట్రం టీఎస్‌ను ఎంచుకుంది. 2024 మార్చిలో టీజీ ప్రభుత్వ నిర్ణయంగా వచ్చింది. ఒకనాటి ధిక్కారం ఇవాళ రవాణాశాఖ నిబంధన. అక్షరాలు మారలేదు, వాటిని రాసే చెయ్యి మారింది.

చిహ్నానికి శాశ్వతమైన అర్థం ఉంటుందని మనలో చాలామంది రచయితలం నమ్ముతాం. కవితలో ఒక రంగు పేరు వాడితే చాలు, పాఠకుడికి అంతా తెలిసిపోతుందని అనుకుంటాం. చరిత్ర ఈ నమ్మకాన్ని సమర్థించదు. ఎర్రజెండానే తీసుకోండి. ఫ్రెంచి విప్లవపు తొలి రోజుల్లో అది తిరుగుబాటుదారులది కాదు. గుంపులు చెదిరిపోవాలనీ, లేకుంటే కాల్పులు తప్పవనీ అధికారులు చేసే హెచ్చరిక అది. 1791 జూలై 17న పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో ఆ జెండా ఎత్తిన తర్వాతే జనం మీద కాల్పులు జరిగాయి. ఎనభై ఏళ్ళకు, 1871లో, పారిస్ కమ్యూన్ శ్రామికులు అదే రంగును తమ జెండా చేసుకున్నారు. తమను చంపటానికి ఎత్తిన గుడ్డను ప్రజలు తమ చేతుల్లోకి తీసుకున్నారు.

ఇలాంటి మార్పు మన నేల మీద ఇంతకంటే వేగంగా జరిగింది. 1947లో నిజాం సంస్థానంలో మువ్వన్నెల జెండా ఎగరెయ్యటం రాజద్రోహం. ఆగస్టు 15న హైదరాబాదులో జెండా ఎగరేసి స్వామి రామానందతీర్థ అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న వరంగల్లు ప్రాంతపు పరకాలలో జెండా ఎగరెయ్యటానికి కూడిన జనం మీద తుపాకులు పేలాయి. ఆ రోజుల్లో ఆ జెండా చేతబట్టటమంటే ప్రాణాలకు తెగించటమే.

దానికి ఎదురుగా కుల్చా గుర్తుతో పసుపుపచ్చని అసఫ్‌జాహీ పతాకం ఉండేది. వంశ మూలపురుషుడికి ఒక సూఫీ గురువు కుల్చా రొట్టెలు పెట్టి దీవించాడన్న కథలోంచి వచ్చిన గుర్తు అది. ఆకలిగొన్నవాడికి పెట్టిన రొట్టె 1948 నాటికి రజాకార్ల పతాకం మీద గుర్తయింది! అయితే దీన్ని మతాల మధ్య పోరుగా చదివితే పొరపాటు. ఆ పతాకం నీడలో గడీలు కట్టి వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖుల్లో హిందువులు ఎందరో ఉన్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నది విసునూరు దేశ్‌ముఖు మనుషులు. ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిం.

1948 సెప్టెంబరు 17 దాటింది. పారిపోయిన దేశ్‌ముఖులు ఖద్దరు తొడుక్కుని, సైన్యం అండతో పల్లెలకు తిరిగివచ్చారు. రైతులు పంచుకున్న భూములు మళ్ళీ గుంజుకోవటం మొదలైంది. నిన్న జైలు గోడల మీద ఎగిరితే జనం పులకించిన మువ్వన్నెల జెండా, 1951 వరకు సాయుధ పోరాట పల్లెల్లో, తమ మీదికి వచ్చిన సైనిక శిబిరం మీది జెండాగా కనిపించింది. ఇక నిజాం? 1950 జనవరి నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్. పరకాల ప్రజలు ఏ జెండా కోసం చనిపోయారో ఆ జెండా కిందే ఆయన గౌరవ వందనాలు అందుకున్నాడు.

అందుకే ఆ ఒక్క తేదీకి ఇన్ని పేర్లు. విమోచనం, విలీనం, విద్రోహం అన్న మాటలు ఏనాటి నుంచో ఉన్నాయి. 2022లో కేంద్రం విమోచన దినమన్నది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో రాష్ట్రమే ప్రజాపాలన దినోత్సవమన్నది. పేరు పెట్టే ప్రతివాడూ కథలో ఏదో ఒక సగాన్ని దాస్తున్నాడని నా అభిప్రాయం.

రాష్ట్ర చిహ్నం సంగతీ ఇంతే. 2014లో కాకతీయ తోరణమూ చార్మినారూ చిహ్నంలోకి వచ్చినప్పుడు, మాకూ ఒక చరిత్ర ఉందన్న ఉద్యమ స్వరం వాటిలో వినిపించింది. 2024లో అవి రాచరికపు గుర్తులన్న వాదం ప్రభుత్వం నుంచే వచ్చింది. సమ్మక్క సారలమ్మలు ఎదిరించింది కాకతీయులనే అన్న గాథ ఆ వాదానికి బలమిచ్చింది. రెండు వాదాల్లోనూ నిజముంది. కాని ఆ రాళ్ళు చెక్కిన శిల్పుల ఊసు మాత్రం రెండింటిలోనూ లేదు.

1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ కూడా ఇప్పుడొక చిహ్నమే. మొదట అది సరళీకరణ విధానాల విజయస్తంభం. 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో విద్యుత్ ఛార్జీల పెంపును నిరసించినవారి మీద కాల్పులు జరిగాక, ఆ అద్దాల మేడల్లో పాలకుల ప్రాధాన్యాలు చూసినవారున్నారు. ఉద్యమంలో అది హైదరాబాదు ఎవరిదన్న తగాదాలో భాగం. 2014 తర్వాత కొత్త రాష్ట్రం సగర్వంగా చూపుకునే చిరునామా. ఆ అంతస్తులు ఊడ్చే మనిషికి అది ఏమిటో మన సాహిత్యం ఇంకా సరిగా చెప్పలేదు.

ఇంతమాత్రాన చిహ్నాలన్నీ ఒకటేననీ, ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చుననీ కాదు. అర్థాన్ని నిర్ణయించే కొలబద్ద ఉంది. ఏ సంవత్సరం? ఎవరి చేతిలో? ఎవరికి ఎదురుగా? ఎవరి భూమి కోసం? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా కవితలో జెండా ఎగరేసిన కవి, తనకు తెలియకుండానే, ఆనాటి అధికారానికి ప్రచారకుడవుతాడు. చిహ్నానికి తేదీ వెయ్యటం చరిత్రకారుడి పని మాత్రమే కాదు, రచయిత బాధ్యత కూడా.