కాలినడకన ధారూరుకు: జహీరాబాద్ ప్రాంత మెథడిస్టు విశ్వాసుల జాతర ప్రయాణము – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

వికారాబాద్ జిల్లాలోని ధారూరులో మెథడిస్టు సంఘము ప్రతి సంవత్సరము నవంబరు మాసములో జరిపే క్రైస్తవ జాతర 1923లో ఆరంభమైనది. తెలంగాణ నుండే గాక కర్ణాటక, మహారాష్ట్రల నుండి కూడా విశ్వాసులు దీనికి వస్తారు. ఈ జాతరను గూర్చి మాట్లాడునప్పుడు మనము సాధారణంగా ప్రసంగములను, ప్రార్థనలను, జనసమూహమును ప్రస్తావిస్తాము. అయితే ప్రజలు అక్కడికి ఎలా చేరుకున్నారన్నది కూడా సంఘ చరిత్రలో భాగమే. జహీరాబాద్ పల్లెల నుండి కాలినడకన, ఎడ్లబండ్ల వెంట వెళ్ళిన తరమును దృష్టిలో ఉంచుకొని, ఆ ప్రయాణపు అర్థమును ఇక్కడ పరిశీలిస్తున్నాము.

నేపథ్యము

నిజాం పాలనలో జహీరాబాద్ బీదరు జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసే ప్రాంతమిది. బీదరు, వికారాబాద్ కేంద్రములుగా అమెరికన్ మెథడిస్టులు ఇక్కడ సేవచేశారు. సంఘములో చేరినవారిలో అధికులు మాదిగ కుటుంబములవారు. పొరుగున మెదక్‌లో బ్రిటిష్ వెస్లియన్ మిషను పనిచేసింది. అక్కడ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడినది. అంటే దాదాపు ఒకే కాలములో మెదక్‌లో రాతి మందిరము లేవగా, ధారూరులో ఆరుబయట మైదానములో సమాజము కూడింది.

నడిచినవారెవరు?

సికింద్రాబాద్–వాడి రైలుమార్గము 1874 నుండే ధారూరు మీదుగా పోతున్నది. ఆ తరువాత వికారాబాద్–బీదరు మార్గము జహీరాబాద్‌ను కూడా కలిపింది. అయినను గింజల కూలితో బ్రతికేవారికి టిక్కెట్టు డబ్బులు భారమే. యాభై కిలోమీటర్లకు మించిన దూరము, పిల్లాపాపలతో నడిస్తే రెండు రోజుల పైమాట. జొన్నరొట్టెలు మూటగట్టుకొని, ముసలివారిని, వంటసామానును బండిమీద ఎక్కించి, తక్కినవారు వెనుక నడిచేవారు.

ఇక్కడ ఒక విషయము గమనించాలి. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగలు దొరల వాకిళ్ళముందు చెప్పులు తొడుగుకొని నడవడానికి వీలులేని కాలమది. తెలంగాణ పల్లెల జాతరలలో వారు డప్పు కొట్టేవారు, అయితే గుడిలోపలికి వెళ్ళలేకపోయేవారు. ఇతరుల పండుగకు వెట్టిచేసినవారే ధారూరు చేరి, తమ పండుగలో తాము కూర్చున్నారు. ఆ రాకలో ఆత్మీయ ఆనందముతో పాటు ఆత్మగౌరవము కూడా ఉన్నదని మేము భావిస్తున్నాము.

జాతర అను మాట

అమెరికాలో 1801లో కేన్‌రిడ్జ్‌లో జరిగిన కూటముల నుండి, ఆరుబయట రోజుల తరబడి కూడుకొనుట మెథడిస్టులకు అలవాటే. మరొకవైపు, జహీరాబాద్ సమీపమున ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరాలయమునకు మహాశివరాత్రికి జనము తరలుట ఇక్కడివారందరికీ తెలిసినదే. ఈ రెండు వారసత్వములు ధారూరులో కలిశాయి. ప్రసంగ క్రమము మిషను సంప్రదాయము నుండి వచ్చింది. బండ్లు కట్టుట, చెట్లక్రింద పొయ్యిలు పెట్టుట, చివరకు జాతర అను పేరు కూడ ప్రజల జీవితము నుండి వచ్చినవి.

ఒక అభ్యంతరము

తీర్థయాత్రలను లూథర్ 1520లోనే విమర్శించాడు. స్థలమునకు మహిమ అంటగట్టి, మొక్కుబడులతో కృపను కొనవచ్చునను భ్రమ నేటికీ ప్రమాదమే. గనుక ఈ అభ్యంతరమును తేలికగా త్రోసివేయలేము. అయితే యాత్ర కీర్తనలుగా పిలువబడే 120 నుండి 134 వరకు గల కీర్తనలు నడిచే సమాజమును మనకు చూపుతాయి. లూకా సువార్త 2వ అధ్యాయములో యేసు తల్లిదండ్రులు, బాలుడు బృందములోనే ఉన్నాడని తలంచి ఒక దినప్రయాణము సాగిపోయారు. అది అజాగ్రత్తగా కనబడవచ్చు గాని, తోటి యాత్రికులపై వారికున్న నమ్మకమును కూడా తెలుపుతుంది. దారిలో బిడ్డ అందరి బిడ్డే. జహీరాబాద్ బండ్ల వెంట నడిచినవారి విషయములోను ఇది నిజము. ధారూరు చేరకముందే వారు దారిలో సంఘమయ్యారు.

ముగింపు

1956లో రాష్ట్రముల పునర్విభజనతో జహీరాబాద్ మెదక్ జిల్లాలోను, బీదరు మైసూరు రాష్ట్రములోను చేరాయి. అయినను ఏటా నవంబరులో ఉభయప్రాంతములవారు ఒకే మైదానములో కలుస్తున్నారు. నేడు బస్సులు, జీపులు వచ్చాయి. జాతర రోజులలో కొన్ని రైళ్ళను ధారూరులో ఆపుతున్నారు. వృద్ధులకు, రోగులకు ఇది మేలే. అందరూ మరల నడవాలని మేము కోరడము లేదు. కాని రెండు రోజుల సహవాసము పోయి, ఎవరి కుటుంబము వారిది వేరుగా దిగుచున్నది. దారిలో ఏర్పడిన సంఘమునకు బదులుగా మనము దేనిని నిలిపాము? నడిచి వెళ్ళినవారిలో నేడు మిగిలియున్నవారు కొద్దిమందే. ప్రతి పాస్టరేటు వారివద్ద కూర్చుండి, ఏ ఊరిలో ఆగారో, ఎవరు నీళ్ళిచ్చారో, ఎవరు కాదన్నారో వ్రాసి భద్రపరచాలి. అది వ్రాయబడనంతవరకు మన సంఘ చరిత్ర అసంపూర్ణమే.