రాజమహేంద్రవర చరిత్ర పరిరక్షణ: స్వచ్ఛంద కృషి, దాని పరిధి

నన్నయ భారతావతరణకు వేదికగా రాజమహేంద్రవరం తెలుగు సాహిత్య చరిత్రలో సుస్థిరమైన స్థానం పొందింది. అయితే ఆ స్థానాన్ని నిరూపించే శాసనాలను, తాళపత్రాలను, గ్రంథాలను ఎవరు సేకరించి నిలిపారన్న ప్రశ్న సాహిత్య చరిత్రల్లో అంతగా చర్చకు రాలేదు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఈ పట్టణంలో ఆ పనికి పూనుకొన్నవారిలో ఉపాధ్యాయులు, న్యాయవాదులు, విద్యార్థులు ఉన్నారు. తమ వృత్తులను, చదువులను సాగిస్తూనే వారు ఈ బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించారు. వారు దేనిని చరిత్రగా గుర్తించారు, ఏది వారి దృష్టి పరిధికి వెలుపల నిలిచింది అన్న రెండు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ కృషికి తొలి రూపం గ్రంథాలయం. 1898లో నాళం కృష్ణారావు విద్యార్థి దశలోనే, వసురాయకవిగా ప్రసిద్ధులైన తమ గురువు వడ్డాది సుబ్బారాయుడు పేరిట వసురాయ గ్రంథాలయాన్ని స్థాపించారు. అనంతర కాలంలో అది రత్నకవి గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయంగా రూపొందింది. గురుభక్తితో మొదలైన ఈ ప్రయత్నం అరుదైన ముద్రిత గ్రంథాలకు, పాత పత్రికలకు, తాళపత్రాలకు ఆశ్రయమైంది.

రెండవ రూపం పరిశోధక సంఘం. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం శకవర్షం 944లో, అంటే క్రీ.శ. 1022లో, జరిగినట్లు కోరుమిల్లి తామ్రశాసనం తెలుపుతున్నది. ఆ ఘట్టానికి 900 ఏళ్లు నిండిన 1922లోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఈ పట్టణంలో ఏర్పడింది. పట్టాభిషేక సంచిక ఆ సందర్భంలో వెలువడినదే. న్యాయవాది భావరాజు వేంకటకృష్ణారావు, చరిత్రోపన్యాసకులు రాళ్లబండి సుబ్బారావు ఈ మండలి కృషిలో ప్రముఖులు. తరువాత కళింగ, కాకతీయ, రెడ్డి సంచికలు వెలువడ్డాయి. 1926 నుండి మండలి ఆంగ్ల పత్రికను కూడా ప్రచురించింది. పట్టణంలోని పురావస్తు ప్రదర్శనశాల నేడు సుబ్బారావు పేరు మీదనే ఉన్నది.

ఈ సంచికల పేర్లను గమనిస్తే మండలి దృష్టి స్పష్టమవుతుంది. అవి రాజవంశాల పేర్లు, దేశవిభాగాల పేర్లు. చరిత్రకు ప్రమాణం శాసనం. శాసనానికి కేంద్రం రాజు. కావ్యకర్తల కాలనిర్ణయానికి ఈ దృష్టి ఎంతో ఉపకరించింది. నన్నయ కాలాన్ని చర్చించే పరిశోధకునికి కోరుమిల్లి, నందంపూడి శాసనాలు నేటికీ అనివార్యాలు. కాని ఈ చట్రంలో పట్టణం రాజధానిగా మాత్రమే కనిపిస్తుంది. అక్కడి వీథులు, ఇళ్లు, సభామందిరాలు చరిత్రాధారాలుగా ముందుకు రావు.

చాళుక్యుల కోట నేడు కంటికి కనిపించదు. కోటగుమ్మం అన్న పేరు మాత్రం జనవ్యవహారంలో మిగిలింది. ప్రధాన వీథిలోని పాత మసీదు ద్వారం మీద 1324 నాటి పారశీక శాసనం ఉన్నది. పట్టణంపై ఢిల్లీ సుల్తానుల అధికారానికి అది తేదీతో కూడిన సాక్ష్యం. ఆ శాసన పాఠాన్ని ప్రతి తీసుకోవచ్చు. కాని అది ఏ ద్వారం మీద, ఏ నిర్మాణంలో భాగంగా నిలిచిందో ప్రతి చెప్పలేదు. కందుకూరి వీరేశలింగం నివసించిన గృహం, ఆయన నిర్మించిన పురమందిరం కూడా ఇటువంటి సాక్ష్యాలే. ఆయన స్వీయచరిత్రలోని సంఘసంస్కరణ ఘట్టాలకు ఈ పట్టణమే ప్రధాన రంగస్థలం. ఆ ఘట్టాలు జరిగిన చోట్లను గుర్తించగలిగినప్పుడే ఆ గ్రంథాన్ని పట్టణ చరిత్రగా కూడా చదవడం సాధ్యమవుతుంది.

తామ్రశాసనాన్ని భద్రపరచడానికి ఒక పెట్టె, తాళపత్రాన్ని కాపాడడానికి ఒక బీరువా చాలవచ్చు. కట్టడాన్ని దాని చోటు నుండి వేరు చేసి దాచడం సాధ్యం కాదు. అది నిలవాలంటే యజమాని అంగీకారం, మరమ్మతుకు ధనం, నిత్యోపయోగం మూడూ కావాలి. వ్యక్తుల ఉత్సాహంపై ఆధారపడిన సంఘాలు లిఖితాధారాల వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణమని భావించవచ్చు. కనుక వారి పరిధిని లోపంగా చూపడం న్యాయం కాదు.

అయితే ఆ పరిధినే నేటి పరిశోధన కూడా కొనసాగించనవసరం లేదు. స్వీయచరిత్రలు, స్థానిక పత్రికలు, గ్రంథాలయ నివేదికలు, పీఠికలు, అంకితాలు, వీథుల పేర్లు మొదలైన వాటిలో కట్టడాల చరిత్ర చెదరి ఉన్నది. వాటిని చదివి క్రోడీకరించే శిక్షణ తెలుగు శాఖలకు ఉన్నది. శతాబ్దం క్రితం స్వచ్ఛంద పరిశోధకులు శాసనాలను సేకరించి సాహిత్య చరిత్రకు కాలక్రమాన్ని సమకూర్చారు. సాహిత్యాధారాలతో పట్టణ కట్టడాల చరిత్రను పునర్నిర్మించడం ఆ ఋణాన్ని తీర్చుకొనే మార్గం. కట్టడాలు నిలిచి ఉన్నంతకాలమే ఆ ఆధారాలను క్షేత్రంలో సరిచూడడానికి వీలుంటుంది.