న్యాయశాస్త్ర పత్రికకు వ్యాసం: చరిత్ర, రచన, సమర్పణ

1. పరిచయం

సిద్దిపేట జిల్లాలోని ఒక గ్రామంలో రక్షిత కౌలుదారుల హక్కుల గురించి మీరొక వ్యాసం రాయదలచుకున్నారని అనుకుందాం. ఆ హక్కులకు మూలం 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం. మీరు పాత పహాణీలు చూశారు, కొన్ని తీర్పులు చదివారు, ఊరి పెద్దలతో మాట్లాడారు. ఆ వ్యాసం న్యాయశాస్త్ర పత్రికకు చేరినప్పుడు సంపాదకుడు మొదట ఒక సంగతి పరిశీలిస్తాడు. మీరు చెప్పిన ప్రతి మాటకు ఆధారం ఎక్కడుందో చదువరి తానే వెళ్ళి చూసుకోగలడా? ఈ నియమం ఎలా పుట్టింది, తెలంగాణ భూముల గురించి రాసేవారికి దాన్ని పాటించడం ఎందుకు కష్టం, రాతప్రతిని ఎలా సిద్ధం చేసి పంపాలి అన్నవి ఈ పాఠంలో తెలుసుకుంటారు.

2. న్యాయ పత్రికల పుట్టుక

మన న్యాయవ్యవస్థలో పై కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాతి వ్యాజ్యాలకు ప్రమాణం అవుతుంది. కాబట్టి తీర్పు పాఠం న్యాయమూర్తికీ ఇరుపక్షాల వకీళ్ళకూ ఒకే రూపంలో దొరకాలి. ఈ అవసరం వల్లే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1875లో ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం చేసింది. 1876 నుంచి కలకత్తా, మద్రాసు, బొంబాయి, అలహాబాదు హైకోర్టుల తీర్పులు అధికారిక సంపుటాలుగా వెలువడ్డాయి. సంపుటం, పుట సంఖ్య చెబితే ఎంత దూరాన ఉన్నవారైనా తీర్పు తీసి చూడగలిగే ఏర్పాటు ఇది.

తీర్పులను ముద్రించడంతో పాటు వాటిని చర్చించే వేదికలు కూడా కావలసివచ్చాయి. లండన్‌లో 1885లో లా క్వార్టర్లీ రివ్యూ, అమెరికాలో 1887లో హార్వర్డ్ లా రివ్యూ మొదలయ్యాయి. హార్వర్డ్ పత్రికకు సంపాదకులు విద్యార్థులే. 1891లో మద్రాసు లా జర్నల్ ప్రారంభమై తీర్పులనూ వ్యాసాలనూ ప్రచురించింది. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు హైకోర్టు పరిధిలోనివే కనుక అక్కడి తెలుగు వకీళ్ళకు ఇది దగ్గరి పత్రిక. స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీలోని ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ 1958 నుంచి తన పత్రికను వెలువరిస్తోంది.

ఆధారాలను చూపే పద్ధతులు కూడా క్రమంగా స్థిరపడ్డాయి. అమెరికాలో 1926లో వచ్చిన బ్లూబుక్ వాటిలో ప్రసిద్ధమైనది. నేడు ప్రతి పత్రికా తాను ఏ పద్ధతిని అనుసరిస్తుందో రచయితలకు ముందే తెలియజేస్తుంది.

3. పత్రికలో రచనకున్న బలం

మహారాష్ట్రలో మథుర అనే గిరిజన బాలికపై పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు 1978 సెప్టెంబరు 15న ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా ప్రకటించింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్రవేత్తలు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని వారు తీర్పులో ఉన్న వివరాలతోనే వాదించారు. సుప్రీం కోర్ట్ కేసెస్ పత్రిక వ్యాసాల విభాగం ఆ లేఖను ప్రచురించింది. దేశంలో మహిళా సంఘాల ఉద్యమానికి అది ఊతమైంది. 1983లో అత్యాచారానికి సంబంధించిన చట్టాన్ని సవరించారు.

ఈ తీర్పును పేర్కొనే పద్ధతి కూడా గమనించండి. ఇది (1979) 2 ఎస్.సి.సి. 143 అనీ, ఎ.ఐ.ఆర్. 1979 ఎస్.సి. 185 అనీ రెండు చోట్ల దొరుకుతుంది. రెండింటిలోనూ కనిపించే 1979 సంపుటం సంవత్సరం మాత్రమే. తీర్పు వెలువడింది 1978లో. సంపుటం సంవత్సరాన్ని తీర్పు సంవత్సరంగా రాయడం విద్యార్థుల వ్యాసాల్లో తేలికగా దొర్లే తప్పు.

4. సిద్దిపేట గురించి రాసేవారికి ఎదురయ్యే చిక్కులు

సిద్దిపేట నిజాం రాజ్యంలో ఉండేది. అందువల్ల ఇక్కడి భూమి గురించి రాసేవారికి మద్రాసు జిల్లాల రచయితలకు లేని నాలుగు చిక్కులు ఉన్నాయి.

మొదటిది భాష. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. పాత రికార్డులను ఉర్దూ తెలిసినవారి చేత చదివించుకుంటే, అనువాదం ఎవరిదో వ్యాసంలో చెప్పాలి.

రెండోది కాలగణన. రెవెన్యూ చట్టం 1317 ఫసలీ నాటిది, అంటే 1907-08. ఫసలీ సంవత్సరం జనవరిలో మొదలు కాదు కనుక అది రెండు క్రీస్తు శక సంవత్సరాల మీదుగా సాగుతుంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీ నాటిది. 1358కి 590 కలిపి 1948 అని రాసేస్తే తప్పు. అది వచ్చింది 1949 ఆగస్టులో. ఆ ఒక్క ఏడాది తేడాతో జాగీరు ఉన్న కాలం, పోయిన కాలం తారుమారవుతాయి.

మూడోది పేర్లు. 1950 చట్టం హైదరాబాద్ పేరుతో పుట్టి, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) చట్టం అయింది. 2014 తర్వాత తెలంగాణ పేరు వచ్చింది. కోర్టు కూడా అంతే. 1956కు ముందు హైదరాబాద్ హైకోర్టు, తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2019 జనవరి 1 నుంచి తెలంగాణ హైకోర్టు. మీరు చర్చించే కాలంలో ఉన్న పేరునే వాడి, నేటి పేరును పాదసూచికలో ఇవ్వండి.

నాలుగోది జిల్లా. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. సిద్దిపేట, గజ్వేల్ ప్రాంతాలు అంతకుముందు మెదక్‌లో, హుస్నాబాద్ కరీంనగర్‌లో, చేర్యాల వరంగల్‌లో ఉండేవి. కాబట్టి పాత తీర్పుల్లో మీ ఊరిని ఏ జిల్లా పేరు కింద వెతకాలో ముందే తేల్చుకోవాలి.

5. రాతప్రతిని సిద్ధం చేయడం

ముందుగా మీ అంశాన్ని ఒక ప్రశ్నగా మార్చండి. "తెలంగాణలో కౌలుదారీ చట్టం" అన్నది పుస్తకానికి సరిపడే అంశం. "రక్షిత కౌలుదారు చనిపోతే వారసుల హక్కును కోర్టులు ఎలా నిర్ణయించాయి?" అన్నది వ్యాసానికి తగిన ప్రశ్న. తర్వాత చట్టపాఠం, తీర్పులు, ఇతరుల వ్యాసాలు, మీ వాదన అనే క్రమంలో రాయండి. వ్యాసం మొదట్లో మీ ప్రశ్నను, జవాబును క్లుప్తంగా చెప్పే సారాంశం ఉండాలి.

తీర్పును మరో వ్యాసంలో చూసి ఎత్తి రాయకండి. అసలు తీర్పు చదివి, మీరు చెబుతున్న మాట ఏ పేరాలో ఉందో గుర్తించండి. అది ధర్మాసనం అభిప్రాయమా, భిన్నాభిప్రాయం ప్రకటించిన న్యాయమూర్తిదా, వకీలు వాదనా అన్నది స్పష్టం చేయండి. పై కోర్టు ఆ తీర్పును తర్వాత కొట్టివేసిందేమో తప్పక చూడండి. మీరు మాట్లాడిన రైతుల పేర్లను వారి అనుమతి లేకుండా రాయకండి.

6. సమర్పణ, సమీక్ష

పత్రిక విధించిన పదాల పరిమితిని, పాదసూచికల పద్ధతిని పాటించండి. చాలా పత్రికలు రచయిత ఎవరో తెలియకుండా సమీక్షకులకు పంపుతాయి. అందువల్ల మీ పేరు, చిరునామా విడి పుటలో మాత్రమే ఉండాలి. "నా ఇంతకుముందు వ్యాసంలో చెప్పినట్లు" వంటి మాటలు తీసేయాలి. అమెరికాలో విద్యార్థులు నడిపే పత్రికలకు ఒకే వ్యాసాన్ని ఒకేసారి పలుచోట్లకు పంపే అలవాటు ఉంది. మన దేశంలో మాత్రం చాలా పత్రికలు వ్యాసం మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం కోరతాయి. సొమ్ము కట్టగానే, సమీక్ష లేకుండా రెండు రోజుల్లో ప్రచురిస్తామనే పత్రికలకు దూరంగా ఉండండి.

సమీక్షకుల ప్రశ్నలు వచ్చినప్పుడు ఒక్కొక్కదానికీ విడివిడిగా జవాబు రాయండి. ఒప్పుకున్నచోట మార్చండి. ఒప్పుకోనిచోట కారణం ఆధారంతో చూపండి. వ్యాసం తిరిగివస్తే, ఆ సూచనలతో సవరించి మరో పత్రికకు పంపవచ్చు.

7. సారాంశం

పాదసూచిక అంటే దూరాన ఉన్న చదువరికి రచయిత ఇచ్చే మాట: "వెళ్ళి చూడండి, నేను చెప్పింది అక్కడ ఉంటుంది." భాష, సంవత్సరం, పేరు, జిల్లా నాలుగూ మారిన ప్రాంతంలో ఈ మాట నిలబెట్టుకోవడం శ్రమతో కూడిన పని. అయితే మీ వ్యాసాన్ని రేపు ఒక వకీలు కౌలుదారు కుటుంబం తరఫున కోర్టు ముందు పెట్టవచ్చు. అప్పుడు ఆ కుటుంబానికి అక్కరకు వచ్చేది మీరు సరిగా రాసిన సంవత్సరం, పుట సంఖ్య.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1875 చట్టం ఏ అవసరాన్ని తీర్చింది?
2. 1358 ఫసలీని 1948 అని మాత్రమే రాస్తే కలిగే పొరపాటు ఏమిటి?
3. మీ గ్రామం 2016కు ముందు ఏ జిల్లాలో ఉందో కనుక్కొని, దాని భూమి చరిత్రపై ఒక పరిశోధన ప్రశ్న రాయండి.