ఆట వస్తువుల ధర, వినోదం ఖరీదు: కోసాడ్ నుంచి చూస్తే సూచీ చెప్పేది, చెప్పనిది

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్, 2006లో నగరపాలక సంస్థ సరిహద్దులు విస్తరించిన తర్వాత నగరంలో భాగమైంది. జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద పేదల కోసం నిర్మించిన విశాలమైన గృహ సముదాయం ఇక్కడ ఉంది. మరమగ్గాల మీద, అద్దకం మిల్లుల్లో, వజ్రాల సానపట్టే కర్మాగారాల్లో పనిచేసే కుటుంబాలు నివసించే శివారు ఇది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాల క్రితమే వలస వచ్చిన చేనేత కుటుంబాలకు సూరత్ కొత్త కాదు. నగరపాలక సంస్థ విద్యా సమితి నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండడమే అందుకు సాక్ష్యం.

ఇటువంటి కుటుంబంలో పిల్లవాడు బ్యాట్ అడిగినా, బ్యాడ్మింటన్ నేర్చుకుంటానన్నా, పండుగకు గాలిపటాలు కావాలన్నా ఆ ఖర్చు ఏటా ఎంత పెరుగుతోంది? ప్రభుత్వం ప్రతి నెలా ప్రకటించే ధరల సూచీలో దీనికి జవాబు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ జవాబును సరిగా చదవాలంటే అందులో ఏ వస్తువులు చేరాయో, వాటికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో ముందుగా తెలుసుకోవాలి.

రెండు శాతం గది

2012 ఆధార సంవత్సరంగా జాతీయ గణాంక కార్యాలయం రూపొందించిన వినియోగదారుల ధరల సూచీలో ‘వినోదం, ఉల్లాసం’ అనే ఉపవర్గం ఉండేది. మొత్తం నూరు పాళ్లలో దాని భారం దేశమంతటికీ కలిపి 1.68. గ్రామాలకు విడిగా చూస్తే 1.37, పట్టణాలకు 2.04. ఆహారం, పానీయాల భారం పట్టణాల్లో 36.29. అంటే వినోద వర్గంలోని ధరలన్నీ ఒకేసారి పది శాతం పెరిగినా పట్టణ సూచీ కదిలేది 0.2 శాతం మేరకే. ఆహారం పది శాతం పెరిగితే అదే సూచీ 3.6 శాతం పైకి లేస్తుంది. ఆర్థిక వార్తల్లో కూరగాయలకు పతాక శీర్షిక, బంతికీ బ్యాటుకూ మౌనం దక్కడానికి కారణం ఇదే.

ఈ భారాలు 2011-12 గృహ వినియోగ వ్యయ సర్వే నుంచి వచ్చాయి. కుటుంబాలు దేని మీద ఎంత ఖర్చు పెట్టాయో దాన్ని బట్టే సూచీలో వాటి స్థానం నిర్ణయమవుతుంది. సర్వే పట్టికలో వినోదం కింద సినిమా, జాతరలు, విహారయాత్రలు, క్రీడా వస్తువులు, బొమ్మలు, క్లబ్బు రుసుములు, ఫొటోగ్రఫీ, కేబుల్ టీవీ చందా ఉన్నాయి. వీటిలో సామాన్య కుటుంబం నెలనెలా తప్పక చెల్లించేది కేబుల్ చందా. అందువల్ల ఈ వర్గంలో పెద్ద వాటా దానిదే. పేరు వినోదమే అయినా, ఆ అంకెను అటూ ఇటూ ఊపింది చాలావరకు టీవీయే గాని మైదానం కాదు.

2019 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త చానళ్ల ధరల విధానం అమల్లోకి వచ్చింది. వంద చానళ్ల వరకు నెట్‌వర్క్ రుసుము నెలకు గరిష్ఠంగా 130 రూపాయలు, దాని మీద 18 శాతం వస్తు సేవల పన్ను కలిపితే 153 రూపాయల 40 పైసలు. చెల్లింపు చానళ్లకు వేరే ధర. మరుసటి ఏడాది అదే రుసుముకు రెండు వందల చానళ్లు ఇవ్వాలని నిబంధన మారింది. గుజరాతీ, హిందీ చానళ్లతో పాటు తెలుగు చానళ్ల బొకే కూడా విడిగా ఎంచుకోవలసిన సూరత్ తెలుగు ఇంట్లో ఈ మార్పు బిల్లు మీద స్పష్టంగా కనిపించింది. అయితే ఆ నెలల్లో ‘వినోదం’ ధరల కదలికను చూసి క్రీడా సామగ్రి ఖరీదును అంచనా వేసిన వారు పొరపడి ఉంటారు.

కొవిడ్ కాలపు అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2020 ఏప్రిల్, మే నెలల్లో క్షేత్ర స్థాయి ధరల సేకరణ సక్రమంగా సాగలేదు, సినిమా హాళ్లు మూతపడ్డాయి. లేని టికెట్టుకు ధర ఉండదు కనుక గణాంక సంస్థ అంచనా పద్ధతులను ఆశ్రయించింది. ఆ నెలలతో పోల్చి లెక్కకట్టిన వార్షిక శాతాలను అక్షరాలా తీసుకోకూడదు.

2024 ఆధార సంవత్సరంగా, 2023-24 గృహ వినియోగ సర్వే భారాలతో ఇప్పుడు కొత్త శ్రేణి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వర్గీకరణను అనుసరించి ఇందులో ‘వినోదం, క్రీడలు, సంస్కృతి’ ఒక ప్రత్యేక విభాగమైంది. టేప్‌రికార్డర్లు, వీసీఆర్‌ల వంటివి తప్పుకున్నాయి. ఆన్‌లైన్ స్ట్రీమింగ్ చందాలు, వ్యాయామ పరికరాలు చేరాయి. పాత వర్గంతో కొత్త విభాగాన్ని నేరుగా పోల్చడం మాత్రం సరికాదు. రెండింటి సరిహద్దులు ఒకటి కావు.

పన్ను తగ్గింది, ఎవరికి?

2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన వస్తు సేవల పన్ను సవరణ ఈ రంగంలో ఇటీవలి అతి పెద్ద మార్పు. సాధారణ వ్యాయామ పరికరాలు మినహా క్రీడా సామగ్రి మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. క్యారమ్ బోర్డు, చదరంగం, పేకముక్కలు, సైకిళ్లు కూడా 12 నుంచి 5కు వచ్చాయి. వంద రూపాయల లోపు సినిమా టికెట్టుకూ ఇదే తగ్గింపు దక్కింది. వంద దాటిన టికెట్టు మీద 18 శాతం అలాగే ఉంది. ఐపీఎల్ వంటి పోటీల టికెట్ల మీద పన్ను 28 నుంచి 40 శాతానికి పెరిగింది.

లెక్క చూద్దాం. పన్నుకు ముందు వెయ్యి రూపాయలున్న బ్యాట్ పాత పన్నుతో 1,120, కొత్త పన్నుతో 1,050. తగ్గుదల 70 రూపాయలు, అంటే 6.25 శాతం. పన్ను ఏడు శాతం తగ్గిందని విని ధర కూడా ఏడు శాతం తగ్గాలని ఆశించే కొనుగోలుదారు ఈ చిన్న తేడాను గమనించాలి. బూట్లు, జెర్సీలు క్రీడా సామగ్రి కిందకు రావు. వాటికి పాదరక్షలు, దుస్తుల రేట్లు వర్తిస్తాయి: 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం. పాలియెస్టర్ నేసే సూరత్‌లో ఆటగాడి చొక్కా ధర మీద నూలు పన్ను ప్రభావం కూడా ఉంటుంది. సింథటిక్ నూలు మీద కూడా పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

సేవల విషయానికి వస్తే చిత్రం ఇంత సూటిగా లేదు. జిమ్‌లు, యోగా కేంద్రాల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గినా, ఇన్‌పుట్ క్రెడిట్ సదుపాయాన్ని తీసేశారు. గతంలో యజమాని తాను అద్దె మీద, పరికరాల మీద చెల్లించిన పన్నును, వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకునేవాడు. ఇప్పుడు అది అతని ఖర్చులో కలుస్తుంది. వెయ్యి రూపాయల రుసుము పాత పన్నుతో 1,180, కొత్త పన్నుతో 1,050 కావాలి. కానీ కోల్పోయిన క్రెడిట్ ఒక్కో సభ్యుడికి 60 రూపాయలు అనుకుంటే, మూల రుసుము 1,060 అవుతుంది. పన్నుతో కలిపి 1,113. పదకొండు శాతం తగ్గాల్సింది సుమారు 5.7 శాతం దగ్గర ఆగుతుంది.

అసలు సంగతి మరొకటి ఉంది. సేవలు అందించే వారి వార్షిక వ్యాపారం 20 లక్షల రూపాయలు దాటకపోతే సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. శివారు వీధిలో రెండు గదుల్లో నడిచే జిమ్, ఇంటి మేడ మీద కరాటే నేర్పే శిక్షకుడు చాలా సందర్భాల్లో ఈ పరిమితికి లోబడే ఉంటారు. వారు మునుపూ పన్ను వసూలు చేయలేదు, ఇప్పుడూ చేయరు. కనుక తగ్గించడానికి ఏమీ లేదు. పన్ను ఉపశమనం నగర మధ్యంలోని ఏసీ ఫిట్‌నెస్ కేంద్రపు సభ్యుడికి చేరినంతగా కోసాడ్ కుర్రవాడికి చేరదు. విధానంలో దురుద్దేశం లేకపోయినా ఫలితం మాత్రం అదే.

వస్తువుల దుకాణాల్లోనూ ఒక మెలిక ఉంది. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి బిల్లులో పన్నును విడిగా చూపించకూడదు, వసూలు చేయకూడదు. అతడు టోకు వ్యాపారి దగ్గర తక్కువ ధరకు కొన్నప్పుడే మనకు తక్కువకు అమ్మగలడు. పాత సరకు మీద సవరించిన ధర అంటించుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తగ్గింపు అందలేదని భావించే కొనుగోలుదారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. చేతిలో బిల్లు ఉండాలి.

ఈక ధర

ఒకసారి కొంటే కొన్నేళ్లు మన్నే బ్యాట్ ధర కన్నా, వారం వారం అరిగిపోయే వస్తువు ధరే ఆటను నిలబెడుతుంది, లేదా ఆపేస్తుంది. బ్యాడ్మింటన్ ఇందుకు తార్కాణం.

2022లో గుజరాత్‌లో జరిగిన 36వ జాతీయ క్రీడల్లో బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ పోటీలకు సూరత్ ఆతిథ్యమిచ్చింది. తెలుగు ఇళ్లలో పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, పి.వి. సింధుల కాలం నుంచి ఈ ఆటకు ఉన్న ఆకర్షణ చెప్పనక్కరలేదు. పోటీల్లో వాడే షటిల్‌లో 16 ఈకలుంటాయి, బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. ఈకలు బాతులవి లేదా పెద్దబాతులవి. ఒక షటిల్‌లోని ఈకలన్నీ పక్షి ఒకే వైపు రెక్క నుంచి రావాలి, లేకపోతే గాలిలో తిరుగుడు దెబ్బతింటుంది. ఈకలకు ప్రధాన ఆధారం చైనా. అక్కడ బాతుల పెంపకం తగ్గి ఈకలు దొరకడం కష్టమవడంతో 2025లో ప్రపంచమంతటా షటిల్ ధరలు బాగా పెరిగాయి. హైదరాబాద్ అకాడమీల నుంచి సూరత్ కోర్టుల వరకు ఆ భారం అందరి మీదా పడింది. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లా ఉలుబేరియా ప్రాంతం బాతు ఈకల షటిళ్లకు పేరుపొందింది. అయినా అంతర్జాతీయ కొరతను పూడ్చే స్థాయి దానికి లేదు.

ఇప్పుడు పన్ను తగ్గింపును దీని పక్కన పెట్టి చూడాలి. ముడి సరకు ధర పెరిగితే ఆరున్నర శాతం లోపు ఉపశమనం కనబడకుండా కలిసిపోతుంది. కొనుగోలుదారుకు పన్ను తగ్గిన సంగతే తెలియదు.

ఇక్కడే సూచీ పరిమితి ఒకటి బయటపడుతుంది. ధరల సేకరణలో వస్తువు రకం, నాణ్యత నిర్దిష్టంగా ఉంటాయి. నెలనెలా అదే రకం ధర అడుగుతారు. ఈక షటిల్ కొనలేని కుటుంబం నైలాన్ షటిల్‌కు మారితే ఖర్చు తగ్గుతుంది, ఆట స్థాయీ తగ్గుతుంది. శిక్షణ మానేస్తే ఖర్చు సున్నా అవుతుంది. ఈ రెండూ సూచీలో కనిపించవు. తర్వాతి సర్వేలో వినోదం వాటా తగ్గినట్టుగా, ఎప్పుడో కొన్నేళ్లకు, మరో రూపంలో కనిపించవచ్చు.

సంక్రాంతి నెల, దసరా పది రోజులు

సూరత్‌లో జనవరి 14, 15 తేదీల ఉత్తరాయణ్ అంటే నగరమంతా మేడల మీదే. గాజుపొడి పూసిన సూరతీ మాంజాకు గుజరాత్‌లో ప్రత్యేక గిరాకీ ఉంది. ఫిర్కీకి దారం చుట్టించుకోవడం, రంగు వేయించుకోవడం డిసెంబరు చివరి నుంచే మొదలవుతుంది. పండుగ దగ్గరపడే కొద్దీ ధర ఎగబాకుతుంది, పదహారో తేదీకి కూలిపోతుంది. ఇంతటి ఉత్థానపతనం వార్షిక ద్రవ్యోల్బణంలో ఎందుకు కనిపించదని అడిగేవారున్నారు. వార్షిక రేటు ఈ జనవరిని నిరుటి జనవరితో పోలుస్తుంది గాని నవంబరుతో కాదు. నిరుడూ పండుగ పెరుగుదల ఉంది కనుక రెండూ చెల్లుకుపోతాయి. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశవ్యాప్తంగా నిషేధించింది. పక్షుల ప్రాణాలు, మనుషుల మెడలు కోసిన దారం అది. చవకగా దొరుకుతుందన్న వాదన దాని విషయంలో చెల్లదు.

నవరాత్రి గర్బా పాసులది మరో కథ. వాటి మీద పన్ను గురించి 2022లో గుజరాత్‌లో నిరసనలు జరిగాయి. నృత్య, సంగీత ప్రదర్శనలకు ఒక్కొక్కరి ప్రవేశ రుసుము 500 రూపాయలు దాటకపోతే పన్ను లేదు. దాటితే 18 శాతం. పేటల్లో, సొసైటీల్లో జరిగే గర్బాకు ఈ గొడవే లేదు. అదే రోజుల్లో సూరత్ తెలంగాణ మహిళలు ఆడే బతుకమ్మకు టికెట్టే లేదు. టికెట్టు లేని ఉల్లాసానికి సూచీలో చోటూ లేదు. పూలకు పెట్టే డబ్బు మాత్రం వేరే పద్దులో చేరుతుంది.

ఉద్యానాలు, ఈత కొలనులు, సర్థాణా జంతు ప్రదర్శనశాల వంటి నగరపాలక సంస్థ వసతుల రుసుములు మార్కెట్టు నిర్ణయించేవి కావు. ఇటువంటి రుసుములు ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, ఒక తీర్మానంతో ఒక్కసారిగా పెరుగుతాయి. సామాన్య కుటుంబానికి చవకైన వినోదం ఇదే కనుక ఆ ఒక్క మెట్టు గట్టిగా తగులుతుంది.

సూరత్ కార్మికులకు సంబంధించిన మరో సూచీ కూడా ఉంది. కార్మిక బ్యూరో 2016 ఆధారంగా 88 పారిశ్రామిక కేంద్రాలకు ప్రకటించే పారిశ్రామిక కార్మికుల సూచీలో సూరత్ ఒక కేంద్రం. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరువు భత్యం ఈ సూచీ అఖిల భారత అంకెను బట్టే మారుతుంది. మరమగ్గం మీద మీటరు లెక్కన కూలి తీసుకునే నేతకార్మికుడికి అటువంటి భత్యం లేదు. ధరలు పెరిగినప్పుడు అతని ఇంట్లో సర్దుబాటు జరిగేది ఆట, వినోదం పద్దులోనే.

రానున్న నెలల అంకెలను చదివేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి. పన్ను తగ్గింపు 2025 సెప్టెంబరు చివర్లో వచ్చింది. కనుక 2026 సెప్టెంబరు వరకు క్రీడా సామగ్రి వార్షిక రేటును అది కిందికి లాగుతుంది. అక్టోబరు నుంచి పోల్చే రెండు నెలల్లోనూ 5 శాతం పన్నే ఉంటుంది. దుకాణంలో బ్యాట్ ధర ఒక్క రూపాయి మారకపోయినా, ఆ నెల ప్రకటనలో క్రీడా సామగ్రి ద్రవ్యోల్బణం పెరిగినట్టు కనిపిస్తుంది.