నడుము బెల్టుకు సెలవు

కరెంటు స్తంభం ఎక్కినవాడికి రెండు చేతులూ పనికి కావాలి. అందుకే నడుముకు తోలు బెల్టు, దానికో పట్టీ, ఆ పట్టీ స్తంభం చుట్టూ. కాళ్లు తన్నిపెట్టి వెనక్కి వాలితే చాలు, పని సాగిపోతుంది. మనిషిని నిలబెట్టడానికి పుట్టిన సరంజామా అది. పడేవాణ్ణి పట్టుకోవడం దాని పని కాదు. అయినా ఎత్తయిన కట్టడాలు పెరిగేసరికి, చేతికి అందింది అదే కాబట్టి, దానికే తాడు తగిలించి మనుషుల్ని పైకి పంపారు.

ఎక్కడ తేడా కొడుతుందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. పనిముట్లతో కలిపి 100 కిలోల మనిషి 1.8 మీటర్లు జారాడనుకుందాం. తాడు బిగిసే క్షణానికి అతని వేగం గంటకు 21 కిలోమీటర్లు. 5 సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద దాదాపు 3,700 కిలోల బరువంత బలం పడుతుంది. అదే ఒక మీటరు దూరంలో ఆగితే 280 కిలోలే. నడుము బెల్టులో ఆ దెబ్బంతా పొట్టకీ వెన్నుకీ తగులుతుంది. మనిషి తలకిందులైతే బెల్టులోంచి జారిపోయే ప్రమాదం సరేసరి.

విరుగుడు పారాచూట్ వాళ్ల దగ్గర ముందే ఉంది. వాళ్ల పట్టీలు బరువును తొడలకీ భుజాలకీ పంచేవి. నైలాన్ వచ్చి తోలునూ నారతాళ్లనూ పక్కకు నెట్టాక, ఆ పద్ధతి కట్టడాల మీదికి దిగింది. వీపు మీద, భుజాల మధ్య ఓ ఇనుప రింగు వచ్చి చేరింది. పడ్డవాడు తల పైకే ఉండి వేలాడేది దాని పుణ్యమే.

నాకు ముచ్చటేసేది మాత్రం ఆ రింగుకు తగిలించే తాడుకుండే ఓ చిన్న పొట్లం. మడతపెట్టి కుట్టిన పట్టీ తప్ప అందులో ఏ యంత్రమూ లేదు. బరువు పడగానే కుట్లు ఒకదాని వెనక ఒకటి పటపటా తెగిపోతాయి, ఆ తెగడంలోనే దెబ్బ చాలావరకు కరిగిపోతుంది. కుట్టు తెగడానికే కుట్టిన బట్ట ఇంకెక్కడ చూస్తాం!

1980లలో అమెరికా వైమానిక దళం పరిశోధకులు మనుషుల్ని వేలాడదీసి చూశారు. నడుము బెల్టుతో సగటున రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయారు. ఒంటినిండా పట్టీలుండే హార్నెస్‌తో పద్నాలుగు నిమిషాలు దాటింది. అదీ గొప్పేమీ కాదు. కాళ్లలో రక్తం నిలిచిపోకముందే కిందికి దించాలి, అందుకే రక్షించే ఏర్పాటు ముందే ఉండాలన్నారు. చివరికి 1998 జనవరి 1 నుంచి అక్కడి నిర్మాణ పనుల్లో పడిపోకుండా ఆపేందుకు నడుము బెల్టు వాడకం నిషిద్ధమైంది. హుక్కు తగిలించే ఆధారం మనిషికి 5,000 పౌండ్ల చొప్పున, అంటే సుమారు 2,270 కిలోలు, ఆపగలగాలని కూడా నిబంధన. పరంజా అడ్డగొట్టానికో, నీళ్ల పైపుకో హుక్కు వేసి ధీమాగా ఉండేవాళ్లకు ఈ అంకె చూపించాలి.

ఇక తనిఖీకి పెద్ద సాధనాలు అక్కర్లేదు. పట్టీని రెండు చేతులతో పట్టుకుని విల్లులా వంచితే దాక్కున్న కోత నోరు తెరుస్తుంది. వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు, ఎండకు పెళుసెక్కిన పోగులు, తుప్పు పట్టి సరిగ్గా మూసుకోని హుక్కు కూడా చూడాలి. ఇదంతా తొడుక్కునే ముందు ప్రతిసారీ. పొట్లం కుట్లు తెగి ఉంటే ఇక వాడనే కూడదు. పాడైన హార్నెస్‌ను అనుభవమున్న స్టోరువాళ్లు మూలన పెట్టరు, ముక్కలుగా కోసి పారేస్తారు. మూలన పెడితే మర్నాడు మనుషులు ఎక్కువై, సామాను తక్కువైనప్పుడు అది మళ్లీ ఎవరి ఒంటి మీదికో ఎక్కుతుంది.